లారీ పగలే పంపు

కర్నూలు,
18-10-1953

అక్కా, నమస్కారం.

ఈ జాబును ఏసేపు అయ్యవారు మన అరుగు మీద కూర్చుని నీకు చదివి వినిపిస్తారనే ధైర్యంతో కాస్త పొడుగ్గానే రాస్తున్నాను. పగలంతా బడిపిల్లలతో అరిచి వచ్చిన మనిషికి నా జాబు మరో శిక్ష. నా తరఫున క్షమాపణ చెప్పు.

మన రాష్ట్రం మనకు వచ్చింది. ఆఫీసులతోపాటు మమ్మల్నీ మద్రాసు నుంచి ఎత్తుకొచ్చి కర్నూల్లో పడేశారు. రాజధాని అంటే ఎలా ఉంటుందో అనుకునేవు, అంతా డేరాలే! ఆఫీసూ డేరాలోనే, పడకా డేరాలోనే. మా డేరాలో ఆరుగురు గుమాస్తాలం ఉన్నాం. పొద్దున చెప్పులు దులిపి, తేలు లేదని చూసుకుని గాని కాలు పెట్టం. ఊళ్లో అద్దె ఇల్లు అడిగితే గొడ్ల కొట్టం చూపించి మద్రాసు బాడుగ చెబుతున్నారు. అందుకని నాగలక్ష్మినీ పాపనూ మద్రాసులో మా అత్తగారింట దించి వచ్చాను. అక్కడి ఇల్లు ఖాళీ చేయక తప్పలేదు. సామానంతా గూడ్సు బండిలో ముద్దనూరు స్టేషనుకు వేయించాను. ఇల్లు దొరికేవరకు నీ దగ్గర ఉండనీ. నీకు కాక ఇంకెవరికి అప్పగించను?

రైలు రసీదు ఇందులోనే ఉంది. మేనల్లుడు పుల్లయ్యను రెండు బండ్లు మాట్లాడుకుని పొమ్మను. పెన్నలో నీళ్లు తగ్గిన తర్వాతే దాటాలి. అద్దం బీరువాను పడుకోబెట్టి తేకూడదు, నిలబెట్టే తేవాలి. ఇంట్లో గోడకు ఆనించకుండా జానెడు ఎడం ఉంచి, కాళ్ల కింద ఇటుకలు పెట్టి, చుట్టూ బూడిద చల్లించు, చెదలు ఎక్కవు. గోడ గడియారాన్ని గుడ్డ విప్పకుండా ఉంచు. ఒకవేళ విప్పినా ఎవరూ కీ మాత్రం ఇవ్వకూడదు. పేము కుర్చీలు ఒకదాని మీద ఒకటి బోర్లించు, వాటిలో ఎవరినీ కూర్చోనివ్వకు, పేము సాగిపోతుంది. చీరల ట్రంకులో వేపాకు ఎండినదే వేయి, పచ్చిది వేస్తే మరకలు పడతాయి. ఇత్తడి బిందెలను తోమి, తడి లేకుండా తుడిచి, లోపల గడ్డి కుక్కి పెట్టాలి. ఇవన్నీ నాగలక్ష్మి రాసి పంపిన జాగ్రత్తల్లో సగమే. మిగతా సగం నీకు కోపం వస్తుందని రాయలేదు.

నీ తమ్ముడు,
సి. చౌడేశ్వరరావు


జమ్మలమడుగు,
2-11-1953

చౌడప్పా, నీకు నాగలక్ష్మికి పాపకు నా దీవెనలు. నందవరం చౌడమ్మ తల్లి మిమ్మల్ని సల్లగా చూడల్ల.

నేను నోటితో చెప్తాండా, అయ్యవారు రాస్తాండారు. చెప్పింది చెప్పినట్టే రాయండి సామీ అంటి. సగం నవ్వుతాండారు, సగం రాస్తాండారు.

సామాను వచ్చింది. పెన్న ఇసకలో బండి చక్రం దిగబడితే పుల్లయ్యా, బండి అయ్యన్నా రొమ్ములోతు నీళ్లలో దిగి నూకినారంట. నీ బీరువా మాత్రం బండి మీద ఊరేగింపు దేవుడు మాదిరి నిలబడే వచ్చింది. పిల్లోళ్లంతా దాని అద్దంలో మొగాలు చూసుకుంటా ఎనకాల పరిగెత్తినారు.

అది సరే గాని, రుబ్బురోలు ఏంటికి పంపినావు రా? మన సీమలో రాళ్లకు కరువా? పొత్రాన్ని తెచ్చి ఊరగాయ జాడీ పక్కన కట్టింటివి. జాడీ ముక్కలు ముక్కలయ్యి ఆవకాయంతా గోనెకు తినిపించినావు. ఇది నాగలక్ష్మి సర్దింది కాదు, నువ్వు సర్దిందే. బరువుది అడుగున, పగిలేది పైన, రెండిటికీ నడమ పరుపు. ఇంత పెద్ద ఆఫీసులో పనిచేస్తాండావు, ఇది ఎవురూ చెప్పలేదా?

మన ఇల్లు నీకు తెలియంది కాదు. ఉండేది ఒక్కటే అంకణం, అందులో సగం మగ్గమే. మగ్గాన్ని తియ్యలేం, కూడు పెట్టేది అదే. నా మంచం బయట వాకిట్లో వేసినా. నా కుండలూ దుత్తలూ మగ్గం గుంట ఎనక్కి జరిపినా. నీ సామాను మాత్రం నువ్వు చెప్పినట్టే ఇటుకల మీద, బూడిద మీద ఉండాది. నాకు నిద్ర ఎక్కడైనా వస్తాది, దిగులు పడద్దు.

పుల్లయ్యకు ముప్పై దగ్గర పడతాండాది. నూలు దొరక్క పని సరిగ్గా లేదు. దానికి తోడు సంబంధాలు. పోయిన నెల ప్రొద్దుటూరోళ్లు ఇల్లు చూడను వచ్చినారు. మట్టి కుండలు చూసినారు, గోడలు చూసినారు. నీళ్లిస్తే ఇప్పుడే తాగినాం అని చెంబు కూడా ముట్టకుండా పోయినారు. ఆ చెంబు చేత్తో పట్టుకోని నేను వాకిట్లో నిలబడింటే వీధి వీధంతా చూసింది. శానా సిగ్గయింది చౌడప్పా. వాడికి ఈ ఇంట్లో పిల్ల రాదేమో అని ఒకటే భయం.

నీ అక్క,
రామసుబ్బమ్మ


కర్నూలు,
10-1-1954

అక్కా, నమస్కారం.

సామాను క్షేమంగా చేరినందుకు సంతోషం. జాడీ పోతే పోయింది, ఆ సంగతి నాగలక్ష్మికి ఇంకా రాయలేదు. నువ్వూ రాయించకు.

ఆమెకు మొన్న కలలో పట్టుచీరల ట్రంకు నిండా చెదలు కనిపించాయట. నాలుగు పుటల జాబు రాసింది. ఎండ బాగా కాసే రోజు చూసి చీరలు నీడలో ఆరేయమంది. ఎండలో వేస్తే రంగు దిగుతుంది. పేము కుర్చీల సంగతి మళ్లీ చెప్పమంది. ఇంకొకటి, మద్రాసు సామాను వచ్చిందని ఊళ్లో చాటింపు వేయకండి. అది పరాయి సొమ్ము అనుకుని మూసిపెట్టు.

మా డేరాలో దేవేంద్రప్ప అని ఒకాయన చేరాడు. మీ పక్క వీధి వాడే. సెలవులకు ఊరికి వస్తే నిన్ను చూస్తానన్నాడు. వద్దులే, మా అక్కకు పని ఎక్కువ అన్నాను.

పుల్లయ్య సంబంధం గురించి నువ్వు అంత బెంగ పెట్టుకోవద్దు. ఇల్లు చూసి వెళ్లిపోయేవాళ్లు వెళ్లడమే మంచిది.

సి. చౌడేశ్వరరావు


జమ్మలమడుగు,
15-3-1954

చౌడప్పా, దీవెనలు.

ముందు తీపి మాట చెప్తా. పుల్లయ్యకు సంబంధం కుదిరింది! పిల్ల నాయన ఎమ్మిగనూరు రామలింగప్ప అని, మన కులమోడే, ఇంట్లో రెండు మగ్గాలు ఆడతాండాయి. వాళ్ల అన్నను పిలుచుకోని ఇల్లు చూడను వచ్చినాడు. కూర్చున్నారు, మాట్లాడినారు. అంతా చూసి ఆ రామలింగప్ప తనంతట తానే 'అమ్మా, ఒక చెంబు నీళ్లు ఇయ్యి' అని అడిగి తాగినాడు. నీళ్లు తాగినాడు సూడు చౌడప్పా! నా కాళ్లు భూమి మీద ఆనలేదు. ఆ మాట మూడు వీధులకు చెప్పుకుంటి. పిల్ల పేరు బసమ్మ. ఐదో తరగతి చదివిందంట. వైశాఖంలో పెండ్లి.

నీ సామాను భద్రంగా ఉండాది. అద్దం దినమ్మూ తుడుస్తాండా. నాగలక్ష్మి చీరలు నీడలోనే ఆరేసినా. చెదలూ లేవు, ఏమీ లేవు.

ఇంగొక మాట ఉండాది. అది అయ్యవారి ముందర చెప్పే మాట కాదు. ఏమి సామీ, ఇదీ రాసేసినారా? రాసేసినారు. సరే పోనీలే. నువ్వు పెండ్లికి నాలుగు దినాలు ముందుగా రా, నీ చెవిలో చెప్తా. అంతవరకు సామాను అడగద్దు. అడగద్దంటే అడగద్దు, అంతే.

రామసుబ్బమ్మ


కర్నూలు,
8-4-1954

అక్కా, నమస్కారం.

పుల్లయ్య పెళ్లి కుదిరినందుకు నాకు చెప్పలేనంత సంతోషం. దానికి తోడు ఇక్కడా శుభవార్తే. పాత ఊళ్లో రెండు గదుల వాటా దొరికింది. ఉగాదికి పాలు పొంగించాం. నాగలక్ష్మి, పాప వచ్చేశారు. ప్రస్తుతం చాప మీద పడక, పొరుగువాళ్ల గిన్నెలో వంట.

అయ్యవారి ముందు చెప్పలేని మాట ఏమై ఉంటుందా అని ఇద్దరం ఆలోచించాం. డబ్బు అవసరమై అడగలేక పోయావని నాగలక్ష్మి అంది, నాకూ అదే తోచింది. ఇన్ని నెలలు మా సామానుకు చోటిచ్చావు. పరాయివాళ్ల గోడౌనులో పెట్టినా అద్దె కట్టేవాణ్నే గదా! అలా అనుకునే నీ పేర మనియార్డరు పంపాను. మొహమాటపడకు.

ఈ నెలాఖరుకు లారీ పంపుతాను. ఎక్కించేటప్పుడు బీరువా డ్రైవరు వెనకాలే నిలబెట్టి, తాళ్లు కట్టే చోట గోనెపట్టా వేయించు, లేకపోతే తాడు ఒరిపిడికి పాలిషు పోతుంది. బిందెలు బిందెల్లో దూర్చవద్దు, సొట్టలు పడతాయి. పెళ్లికి నాకు సెలవు దొరకడం అనుమానమే.

సి. చౌడేశ్వరరావు


జమ్మలమడుగు,
20-4-1954

చౌడప్పా,

నువ్వు పంపిన దుడ్డును పోస్టుమ్యానుకే తిప్పి ఇచ్చినా. అక్క ఇంటికి అద్దె కడతావా? ఆ మాట అయ్యవారు చదివినప్పుడు ఆయన మొగము నేను చూడలేకపోతి, నా మొగము ఆయన చూడలేకపోయినాడు.

లారీ ఇప్పుడు వద్దు. మన వీధిలోకి లారీ రాదు. తెల్లారితే చాలు వీధి పొడుగునా నూలు పడుగులు చాపి గంజి పెడతాండారు, వాటిని తొక్కుకుంటా వస్తాదా? ఇంగా ఈ ఎండకు బీరువా అద్దం పగుల్తాదంట. చైత్రంలో ఇంట్లో సామాను కదిలించరాదని కూడా అంటాండారు. ఎవురంటాండారని అయ్యవారు అడుగుతాండారు. ఎవురో అంటాండారులే సామీ, రాయండి.

పెండ్లి కానీ. పెండ్లి అయినంక ఒక నెల కానీ. ఆ మీట నీ సామాను నీదే గదా, నేనేమన్నా తింటానా? నాగలక్ష్మిని నా మాటగా అడుగు, ఒక్క రెండు నెలలు ఓర్చుకోమను. నీకు సెలవు దొరక్కపోతే గోడ దూకైనా రా. నీతో మాట్లాడల్ల.

రామసుబ్బమ్మ


కర్నూలు,
9-6-1954

అక్కకు,

కుశల ప్రశ్నలతో పని లేదు కనుక నేరుగా రాస్తున్నాను.

దేవేంద్రప్ప పుల్లయ్య పెళ్లికి వెళ్లి వచ్చాడు. ఆఫీసులో నలుగురి ముందు చెప్పాడు: మీ అక్క ఇంట్లో మద్రాసు దర్జా అంతా ఉంది, పెళ్లివాళ్లు పేము కుర్చీల్లో కూర్చున్నారు, గోడకు గడియారం, వరసగా ఇత్తడి బిందెలు, వాటిలోనే నీళ్లు, ఎమ్మిగనూరువాళ్లు సొంత ఆస్తి అనుకుంటున్నారు అని. అందరూ నవ్వారు. నేను నవ్వలేక, ఏడవలేక కూర్చున్నాను.

అద్దం పగుల్తుందని, పడుగులు తొక్కుతుందని, చైత్రమని ఎన్ని చెప్పావు! నీ మాటలు నమ్మి నా భార్య రెండు నెలలు పొరుగింటి ఎరువు గిన్నెల్లో వండింది. దాచమని ఇస్తే దర్జా చేసుకున్నావు. మా వస్తువులు చూపించి మీ ఇంటికి పిల్లను తెచ్చుకున్నావు. రేపు ఆ పిల్ల అడిగితే ఏం చెబుతావు? మా నాగలక్ష్మి మీ ఇంటి పనిమనిషి, ఆమె బిందెలు మావే అని చెబుతావా? అందుకేనా సామాను అడగవద్దన్నావు? మాకు తిరిగి ఇవ్వకుండా ఉంచేసుకుందామనే గదా!

నీ తమ్ముణ్నని చెప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉంది.

ఈ నెల ఇరవయ్యో తేదీన డ్రైవరు బొజ్జన్న లారీ తెస్తాడు. నీ పరువు పోకూడదని రాత్రి పొద్దుపోయాకే రమ్మంటాను. వీధివాళ్లు నిద్రపోయాక మాట్లాడకుండా ఎక్కించి పంపు.

సి. చౌడేశ్వరరావు


జమ్మలమడుగు,
14-6-1954

చౌడప్పా,

రాత మారిందని చూస్తానే కనుక్కుంటావు. బడికి సెలవులని అయ్యవారు వాళ్ల ఊరికి పోయినారు. ఇది రాస్తాండేది నా కోడలు బసమ్మ. నీ జాబు చదివిందీ ఆ పిల్లే.

పోస్టుమ్యాను జాబు ఇయ్యంగానే నీదేనని సంబరంగా ఆ పిల్ల చేతికిస్తి. 'మీ మామ రాసినాడు, పెండ్లికి రాలేకపోయినాడు గదా, రెండు మంచి మాటలు రాసింటాడు, గట్టిగా చదువమ్మా, పుల్లయ్య కూడా వినల్ల' అంటి. పుల్లయ్య మగ్గం నిలిపినాడు. మొదట గట్టిగానే చదివింది. 'దాచమని ఇస్తే' అనే కాడికి వచ్చేసరికి గొంతు తగ్గిపోయింది. 'ఉండనీ అత్తా, తక్కింది మాపటికి చదువుతా' అనింది. నేనే చదువు చదువు అంటి. చివరిదాకా చదివింది. మధ్యలో ఒక్క మాట కూడా దాటేయలేదు. నేను పొయ్యి దిక్కు తిరిగి కూర్చున్నా, మొగము యాడ పెట్టుకోవల్లో తెలియలేదు. పుల్లయ్య మగ్గం గుంటలో నుంచి లేచి బయటికి పోయినాడు.

ఇప్పుడు చెప్తా. నువ్వు రాసిందాంట్లో శానా వరకు నిజమే. 'ఇది కూడా రాయాల్నా అత్తా' అని ఈ పిల్ల కలం నిలిపింది. రాయమ్మా. చేసినప్పుడు లేని సిగ్గు చెప్పేటప్పుడు ఏంటికి?

ప్రొద్దుటూరోళ్లు నీళ్లు తాగకుండా పోయినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఎమ్మిగనూరోళ్లు రేపు వస్తారనంగా, ఇల్లంతా ఒకసారి చూసుకున్నా. మగ్గం ఎనక నా కుండలు, ఇటు పక్క మూటలు కట్టిన నీ సామాను. ఒక్క పూటకే గదా అనుకున్నా. కుండల మీద చాప కప్పినా. నీ కుర్చీలు వేసినా. నీ గడియారం గోడకు తగిలించినా. కీ ఇయ్యద్దంటివి గదా, ఇయ్యలేదు. వాళ్లు వచ్చి కూర్చుని లేచి పోయేదాకా దాని ముల్లు ఒక్క చోటనే ఉండాది. రామలింగప్ప దాన్ని రెండు మార్లు చూసినాడు.

బిందెలు చెక్క పలక మీద వరసగా పెట్టినా. వాటి మీద నాగలక్ష్మి పేరు కొట్టింటారని నాకు తెలుసు. ఒక పక్క పేరు, ఒక పక్క లత. రెండూ చుక్కలు చుక్కలుగానే ఉంటాయి గదా. ఏది పేరో, ఏది లతో నాకు ఎట్ల తెలుస్తాది? పుల్లయ్యకూ తెలియదు. అయ్యవారిని అడుగుదామంటే, ఎందుకమ్మా అంటే ఏం చెప్పల్ల? వంకరలు జాస్తి ఉండేదే పేరు అనుకొని దాన్ని గోడ దిక్కు తిప్పినా. నేను తిప్పింది లతను. పేరును వాళ్ల మొగానికే పెట్టినా.

ఈ సంగతి నాకు మొన్న, నీ జాబు చదివినంకనే తెలిసింది. నేను ఈ పిల్ల చెయ్యి పట్టుకొని అంతా చెప్పుకుంటి. 'అమ్మా, ఇవి మావి కావు, నేను మోసం చేసినా, మీ నాయనకు నువ్వే చెప్పు' అంటి. అప్పుడు నిదానంగా 'నాకు తెలుసత్తా. నాయనకూ తెలుసు' అనింది. వాళ్ల నాయన ఆ పొద్దు ఇంటికి పోతానే చెప్పినాడంట. 'బిందెలన్నిటి మీదా నాగలక్ష్మి అని ఉండాది, ఆయమ్మ పేరు రామసుబ్బమ్మ. యాడివో తెచ్చి పెట్టుకుంది పాపం. అడిగితే ఆయమ్మ తల ఎత్తుకోలేదు. అందుకే నేనే నీళ్లు అడిగి తాగినా. నేను చూడల్సింది మగ్గం మీద ఉండాది. ఆ పిల్లోడు నేసిన గుడ్డ అంచు ఒక్క చోట కూడా వంకర పోలేదు' అన్నాడంట.

ఆ నీళ్లనే గదా నేను మూడు వీధులకు చెప్పుకునింది! ఆయన నా పరువు కాపాడేదానికి తాగినాడు, నేను దర్జాకు తాగినాడనుకుంటి. ఇంగ ఈ పిల్ల. పెండ్లయి వచ్చిన కాడి నుంచి ఆ బిందెలు తోముతాండాది. తోమినప్పుడల్లా ఆ పేరు దీని చేతి కిందనే ఉండాది. ఒక్క పొద్దన్నా ఎవురీ నాగలక్ష్మి అని నన్ను అడగలేదు. ఇది తల వంచుకొని రాస్తాంది, నేను దీని మొగము చూడలేక గోడతో మాట్లాడతాండా.

నేను ఉంచుకుందామనుకోలేదు చౌడప్పా. పెండ్లయిన మరుసటి దినమే బండెక్కిస్తే కొత్త కోడలు ఏమనుకుంటాదో అని ఒక నెల ఓర్వమంటి. అదే నీ చెవిలో చెప్పల్లనుకునింది. నువ్వు రాకపోతివి. అయ్యవారి నోట చెప్పించలేకపోతి.

నీ సామాను మూట కడతాండాం. బరువుది అడుగున, పగిలేది పైన. రామలింగప్ప వాళ్ల అన్న శానా లావు, ఆయన కూర్చున్న కుర్చీ పేము సాగింది. అది ఒక్కటీ నా తప్పు. తక్కినవాటికి గీత కూడా పడలేదు, నాగలక్ష్మి చూసుకోవచ్చు.

లారీ రాత్రిపూట పంపుతానంటివి. వద్దు. లారీ పగలే పంపు. పడుగులు చుట్టుకున్నంక, వీధంతా అరుగుల మీద ఉండే యాళకు రమ్మను. ఎవురివి ఇవి అంటే మా తమ్మునివి అని నేనే వాకిట్లో నిలబడి చెప్తా. నాకు సిగ్గు లేదని కాదు. ఈ పిల్ల ముందర ఇంగొక మారు చాప కప్పలేను.

నువ్వు రాసినవన్నీ ఓర్చుకున్నా. నీ తమ్ముణ్నని చెప్పుకునేదానికి సిగ్గు అని రాసినావు చూడు, అది ఈ పిల్ల నోటితో వినడమే కష్టమయింది.

రామసుబ్బమ్మ


కర్నూలు,
27-6-1954

అక్కా,

సామాను చేరింది. బొజ్జన్న అంతా చెప్పాడు. నువ్వు వాకిట్లో నిలబడి ప్రతి వస్తువూ నీ చేత్తో అందించావట. వీధివాళ్లు అడిగితే తమ్ముడివి, దాచమని ఇచ్చాడు, నేను వాడుకున్నా అని చెప్పావట. ఆ మాట చెప్పేటప్పుడు నీ గొంతు తగ్గలేదని అన్నాడు.

సామాను మా వాకిట్లో దించి మూటలు విప్పాం. బిందెల్లో ఒక్క సొట్ట లేదు. కొత్తగా కొన్ననాటికన్నా మెరుస్తున్నాయి. బీరువా అద్దానికి చుట్టి ఉన్న బొంత విప్పుతుంటే నాగలక్ష్మి ఆగమంది. ఆ అతుకులన్నీ పాత చీరలు. ఒక అతుకు అమ్మ చీర అంచు, ఎర్రది, చిన్నప్పుడు నేను నోట్లో పెట్టుకుని నిద్రపోయే అంచు. నీకున్న బొంత అదొక్కటే గదా అక్కా! అదే పరుచుకుంటావు, అదే కప్పుకుంటావు. నా అద్దానికి గీత పడకూడదని అది చుట్టి పంపావు. నేను వాకిట్లోనే, అందరూ చూస్తుండగా కూలబడ్డాను. నాగలక్ష్మి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. నిన్ను తిట్టిన జాబు నేను రాస్తుంటే వద్దనలేదని ఆమె బాధ.

ఇప్పుడు నాది విను. పెళ్లికి సెలవు దొరకలేదని రాశాను. నేను సెలవు అడగనే లేదు. మావాళ్లు జమ్మలమడుగులో భూములున్న ఆసాములని, మేడ ఉందని, సామాను ఆ మేడలో పెట్టానని డేరాలో అందరికీ చెప్పుకున్నాను. నేను పెళ్లికి వస్తే మా సూపరింటెండెంటు కూడా వస్తానన్నాడు. ఆయనను ఏ మేడకు తీసుకురాను? మగ్గం గుంటలో కూర్చున్న మేనల్లుణ్ని ఎలా చూపించను? అందుకని నేనే రాలేదు. దేవేంద్రప్పకు నా అబద్ధం మొదటినుంచీ తెలుసు, ఆ పొద్దు ఆఫీసులో అందరూ నవ్వింది నిన్ను చూసి కాదు, నన్ను చూసి. ఆ ఉక్రోషమంతా నీ మీద కక్కాను. నువ్వు బిందెలు తిప్పి పెట్టావు. నేను మనుషుల్నే తిప్పి పెట్టాను.

జాబు రాసేటప్పుడు అది ఇంకొకరి నోటితో నీకు చేరుతుందనే తెలివి కూడా లేకపోయింది నాకు. బసమ్మా, నువ్వే చదువుతున్నావు గదా. ఇక్కడ ఒక్క క్షణం ఆగు తల్లీ. పుల్లయ్యను మగ్గం ఆపమను. అక్కను ఇటు తిరిగి కూర్చోమను. ఆ పాడు మాటలు చదివిన గొంతుతోనే ఇవీ గట్టిగా చదువు: 'అక్కా, నేను తప్పు చేశాను. నిన్ను దొంగవన్నాను. నీ తమ్ముణ్నని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. నన్ను తమ్ముడని చెప్పుకోవడానికి నీకే సిగ్గుగా ఉంటే, అది న్యాయం.'

బసమ్మకు ఒక బిందె, ఆమె పేరు కొట్టించి పంపుతానంటోంది నాగలక్ష్మి. బొంతను కూడా దానితోపాటే పార్సిలు చేస్తాను.

చౌడప్ప


జమ్మలమడుగు,
5-7-1954

చౌడప్పా,

చదివింది. నువ్వు ఆగమన్న కాడ ఆగింది. పుల్లయ్య మగ్గం నిలిపినాడు. నేను ఇటు తిరిగి కూర్చున్నా. రెండు మార్లు చదివించుకున్నా. మూడో మారు చదవమంటే ఈ పిల్ల ఏడుపు నిలుపుకోలేక పుల్లయ్య దిక్కు చూసింది. చాల్లే అంటి.

నాకు నీ మీద కోపం పోయింది. సిగ్గు మాత్రం పోలేదు. పొద్దన్నే ఈ పిల్ల నాకన్నా ముందు లేచి కుండలు కడుగుతాంటే నాకు కండ్లు ఎత్తబుద్ధి కాదు. అది ఇంగా కొన్నాళ్లు ఉంటాదేమో, ఉండనీ.

ఆషాఢమని కూతుర్ని పిలుచుకోని పోయేదానికి రామలింగప్ప వచ్చినాడు. ఇంట్లో కుర్చీ లేదు, చాప వేసినాం. నేను మగ్గం చాటున నిలబడినా, ముందరికి రాలేకపోతి. బసమ్మే కుండలో నీళ్లు ముంచి ఇచ్చింది. తాగినాడు. తాగి, 'అమ్మా, సల్లగా ఉండాయి, ఇంగొక చెంబు' అని చాటున ఉండే నాతో అడిగినాడు. రెండో చెంబు నేనే తీసుకోనిపోయి ఇచ్చినా.

అందుకని బిందె వద్దు. నాగలక్ష్మిని బాధ పడద్దను. నీళ్లకు మాకు కుండలు ఉండాయి.

ఈ పిల్ల రేపు పుట్టింటికి పోతాది. ఆ మీట నువ్వు జాబు రాస్తే మళ్లా అయ్యవారే చదవల్ల. ఆయన చదువుతాంటే ఆయన మొగము, నా మొగము ఎట్లుంటాయో నీకు తెలుసు గదా. కాబట్టి ఇంగ జాబులు చాలు.

బొంత పార్సిలు చెయ్యద్దు. చేస్తే పోస్టుమ్యానుకే తిప్పి ఇస్తా, ఆయప్పకు అలవాటే. చలి ఇంగా దూరం ఉండాది. ఆ లోపల నీకు ఎప్పుడు సెలవు దొరికితే అప్పుడు, ఈసారి అడుగు, అడిగి తీసుకోని నువ్వే తెచ్చియ్యి. నాగలక్ష్మినీ పాపనూ పిలుచుకోని రా. మీ సూపరింటెండెంటు వస్తానంటే ఆయన్నీ పిలుచుకోని రా, చాప పెద్దదే.

చీకటి పడినంక బస్సు దిగి గోడల పక్కన రావద్దు. వీధంతా చూడల్ల. పగలే రా.

నీ అక్క,
రామసుబ్బమ్మ